రెండు బీడీల దూరం

ఆ దొరసాని మా ఇంటి అరుగు మీద కూర్చుని, వాళ్ళ దేశంలో ఎడారికి కాపలా పెట్టారని చెప్పినప్పుడు మా అవ్వ వక్క కొరకడం ఆపేసింది.

"ఎడారికి కాపలానా?" అంది.

"అవును. అది ప్రజలందరి సొత్తు. ప్రభుత్వమువారు దానిని కాపాడుచున్నారు. సెలవు దినములలో కుటుంబములు వచ్చి అందులో నడిచెదరు. బాట మిక్కిలి సులభము. వృద్ధులు, పసిబిడ్డలు, అందరును నడువగలరు."

"ఏముంటాదమ్మా ఆడ సూసేదానికి?"

"రాళ్ళు. ముండ్ల చెట్లు. నిశ్శబ్దము."

అవ్వ వక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. "ఎవురెత్తకపోతారనమ్మా కాపలా? మా పుట్టినూరు కుప్పం కాడ సేన్లల్లో ఉండే రాళ్ళన్నీ ఊరికే ఇస్తాం. వచ్చి ఎత్తకపొమ్మను మీ సర్కారును."

దొరసానికి మా యాస సగమే అర్థమయ్యేది. ఆ సగానికే తెగ సంబరపడిపోయేది. ఆమె తెలుగు నేర్చుకున్నది పాత బైబిలు చదివి. అందుకని చిటికెడు ఉప్పు అడిగినా ప్రవక్తలతో మాట్లాడినట్టే అడిగేది. మనిషి మాత్రం చెడ్డది కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకముందు నేను చెప్పబోయేవి వింటే మీకలా అనిపించకపోవచ్చు.

అవి యుద్ధం రోజులు. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, ఊళ్ళకు ఎడంగా, పన్నెండు మంచాల మిషన్ ఆస్పత్రి ఒకటుండేది. ఇప్పుడది లేదు. దానికి ఈ దొరసాని పెద్ద నర్సు. పక్కనే చిన్న బడి, ఆ బడికి మా నాయన పంతులు. ఆ దారిన బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఒకటి వచ్చేది. నడిచేది అంటున్నాను గానీ, చాలాసార్లు దిగి నడిచింది మేమే. పెట్రోలు లేదు, కిరసనాయిలు లేదు, రెండేళ్ళుగా వాన లేదు. అందరూ ఎక్కడికైనా కాళ్ళీడ్చుకుంటూ పోయేవాళ్ళే. అలాంటి చోట ఊరికే, ఏ పనీ లేకుండా, సరదాకి నడిచే మనుషులు భూమ్మీద ఉంటారని మేం వినడం అదే మొదలు.

దొరసాని ఎడారి కబుర్లు చెబుతుంటే నాయన కళ్ళు మాత్రం మా అక్క మీదున్నాయి. అక్క లోపల గడప పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. దానికప్పుడు పద్దెనిమిదేళ్ళు. నాలుగో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది, పొడవూ తగ్గింది. నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. చింతపండు గింజలు దానంత చకచకా తీసేవాళ్ళు లేరని ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకున్నప్పుడల్లా అది మొహం తిప్పుకునేది. దానికి నర్సు కావాలని ఉండేది. మామూలుగా కాదు, తిండీ నిద్రా మానేసేంతగా ఉండేది.

నాయన ఆ మాట దొరసాని చెవిన వేయడమూ అయింది. ఆమె అక్కను అటూ ఇటూ నడవమని చూసి, "వార్డులో నర్సు దినమునకు అయిదారు మైళ్ళు నడువవలెను. చూచెదము," అంది. చూద్దాం అంటే మా దేశంలో ఏమిటో మాకు తెలుసు. వాళ్ళ దేశంలోనూ అదే అర్థమని ఆ రోజు తెలిసింది. కొత్త పిల్లల్ని వచ్చే సోమవారం చేర్చుకుంటారు. నాలుగు చోట్లలో మూడు నిండిపోయాయి. ఈ సోమవారం తప్పితే మళ్ళీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో. అక్క బతుకంతా గింజలు తీస్తూ గడప పక్కన కూర్చోవడమే.

అందుకని, దొరసాని "సులభమైన బాట" అనగానే నాయన తటాలున లేచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, అచ్చం అలాంటి ప్రదేశమే మా గుట్ట వెనకాల ఉందండి. రిజర్వు అడవి. రాళ్ళు, ముళ్ళు, మీరన్నట్టే అన్నీ ఉన్నాయి. శనివారం కుటుంబమంతా మీతో వస్తాం. మా పెద్దమ్మాయి కూడా. చాలా సులభమైన దారి."

ఆ గుట్ట వెనక్కి నాయన పుట్టి బుద్ధెరిగాక పోయింది లేదు. ఆ సాయంత్రమే గొర్రెల కాపరిని పట్టుకున్నాడు.

"గుట్ట సుట్టూ తిరిగొస్తే ఎంత దూరమప్పా?"

కాపరి గుట్ట వైపు చూశాడు, నాయన వైపు చూశాడు. "ఎంతుంటాది సామీ, ఇంతే. రెండు బీడీల దూరం."

మా వైపు మర్యాద ఒకటుంది, అది తెలియకపోతే ఈ కథ తలకెక్కదు. నడవబోయేవాడికి ఎంత దూరముందో ఉన్నదున్నట్టు చెప్పకూడదు. చెబితే వాడి కాళ్ళలో సత్తువ అక్కడికక్కడే పోతుంది, ఆ పాపం చెప్పినవాడిది. కాబట్టి పది మైళ్ళున్నా "ఇంతే" అంటారు, "ఆ మలుపే" అంటారు, "ఈడే" అంటారు. అడిగినవాడు కూడా నమ్మకుండానే నమ్మి ముందుకు పోతాడు. నాయనకు ఇది తెలియదా? బాగా తెలుసు. ఆయన కూడా జన్మంతా బాటసారులకు "ఇంతే" అని చెప్పినవాడే. కానీ ఆ రోజు ఆయనకు నమ్మాలని ఉంది. బీడీకి ఒక మైలు వేసుకుని, రెండు మైళ్ళు అని దొరసానికి చీటీ రాసి పంపాడు. ఆ కాపరి బీడీ ముట్టించి రెండు దమ్ములు పీల్చి, ఆర్పి చెవి మీద పెట్టుకుని, పూటంతా అదే బీడీ గడిపే రకమని ఊళ్ళో గొర్రెలకు కూడా తెలుసు.

ఇక పథకం. నాయన మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాడు. అక్క నడవగలదని దొరసాని చూడాలి, ఒరగడం మాత్రం అంతగా కంట పడకూడదు. అందుకని అందరం తలా ఒక సాకుతో ఆగుతూ, నిదానంగా నడవాలి. అవ్వ వక్కాకు వేసుకోవడానికి ఆగాలి. అమ్మకు ముల్లు గుచ్చుకోవాలి. నాకు ఒంటేలు రావాలి.

"ఎన్నిసార్లు రావాలి నాయనా?" అని అడిగాను.

"మూడుసార్లు," అన్నాడు పంతులు గారు.

అక్క అంతా విని, చేటలో గింజలు ఒక్కసారి విదిలించింది. "నా కోసరం మీరెవురూ కుంటాల్సిన పన్లేదు," అంది.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ఆ ఊరేగింపును చూసి తీరాలి. ముందు నాయన, పెళ్ళినాటి నల్ల కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, మదనపల్లెలో కొన్న కాన్వాసు బూట్లతో. ఆ పక్కన దొరసాని, నెత్తిన దొరటోపీ, మోకాళ్ళదాకా మేజోళ్ళు, గట్టి తోలు బూట్లు, పిట్టల పేర్లు రాసుకునే పుస్తకం. ఆ వెనక అమ్మ, నెత్తిన రాగిసంగటి ముద్దలూ నంజుకోను చెనిక్కాయల ఊరిబిండీ ఉన్న గంప. తర్వాత అవ్వ, నేను. అందరికంటే వెనక అక్క నడవాలని నాయన ఏర్పాటు. వంద గజాలు దాటకముందే అక్క అందరికంటే ముందుంది.

"పాపా, నిదానం!" అని నాయన పళ్ళ బిగువున అన్నాడు.

అది వెనక్కి కూడా చూడలేదు. అప్పుడే మా పథకం మట్టిగొట్టుకుపోయింది. అయినా అమ్మ మాట ప్రకారం ముల్లు గుచ్చుకుందని కూర్చుంది. కూర్చున్నచోట నిజంగానే గుచ్చుకుంది. నేను మొదటిసారి పొదల చాటుకు వెళ్ళొచ్చేసరికి అందరూ అమ్మ చుట్టూ చేరి పిన్నీసు కోసం వెతుకుతున్నారు.

దొరసాని ఆనందానికి మాత్రం పట్టపగ్గాల్లేవు. బొమ్మజెముడు కనబడితే ఆగింది. తంగేడు కనబడితే ఆగింది. మేము పొయ్యిలోకి కొట్టుకొచ్చే కంపను చూసి చేతులు జోడించి, "ఎంత రమ్యము!" అంది. ఎండిపోయిన చెరువు నెర్రెలు చూసి పుస్తకంలో బొమ్మ గీసుకుంది. ఆ చెరువు నిండక ఆ ఏడు ఎంతమంది వరి కయ్యలు బీడు పెట్టారో ఆమెకు చెప్పాలని నాకు నోటిదాకా వచ్చింది. నాయన నా వైపు చూసిన చూపుకు మింగేశాను.

మొదటి బీడీ దూరం ఎప్పుడో దాటింది. ఎండ నెత్తికెక్కింది. గుట్ట ఎక్కడున్నది అక్కడే ఉంది. అప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడే కపిలి బావి ఒకటి కనబడింది, దాని పక్కన నాలుగు జతల ఎద్దుల ఆసామి ఇల్లు. ఆ ఇంటి కోడలు కాబోలు, మమ్మల్ని చూడగానే గుండె మీద చెయ్యేసుకుని ఎదురొచ్చింది.

"ఎవురు పోయినారప్పా?"

తప్పామెది కాదు. ఇంటిల్లిపాదీ ఉతికిన బట్టలతో, దొరసానిని వెంటబెట్టుకుని, ఆ ఎండలో వరసగా నడుస్తుంటే ఎవరైనా అంతే అనుకుంటారు.

"ఎవరూ పోలేదమ్మా. ఊరికే నడుస్తున్నాం," అన్నాడు నాయన.

"ఊరికేనా?"

"ఊరికే. సరదాకి."

"యాల?"

ఎందుకని అడిగేసరికి, ఎనిమిదేళ్ళ నుంచి పిల్లలకు జవాబులు చెబుతున్న మనిషి గొడుగు ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. ఆమె కళ్ళలో అనుమానం ముదిరిపోతోంది. మతంలో కలిపేదానికి వచ్చినామనుకుందో, పిచ్చెక్కిందనుకుందో. అవ్వ చూసి చూసి, విసుగొచ్చి ముందుకొచ్చింది.

"ఆవు తప్పిపోయిందమ్మా. యెతుకుతాండాం."

"అయ్యో, ముందే సెప్పకూడదా!" ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గబగబా మజ్జిగ తెచ్చింది. మాకు దోసిళ్ళు పట్టమని ఎత్తునుంచి పోసింది. దొరసానికి ఇత్తడి చెంబు చేతికిచ్చింది. దొరసాని మా దోసిళ్ళు చూసి ముచ్చటపడి, "నేనును ఆలాగే త్రాగెదను!" అని చెంబు పక్కన పెట్టి దోసిలి పట్టింది. అవ్వ, అమ్మ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అక్క ఒక్కతే నవ్వింది, ఆ నవ్వు మంచి నవ్వు కాదు. మా చేతుల కింద నేల తడిసింది, ఆమె చేతుల కిందా తడిసింది. ఆమెకది సరదా, మాకు వేరే దారి లేదు. మజ్జిగ మాత్రం చల్లగా ఉంది, అబద్ధమెందుకు.

అంతటితో పోతే బాగుండేది. ఆమె మరిదిని కేకేసింది. వాడొచ్చి, "యెర్రావేనా అవ్వా?" అన్నాడు.

"యెర్రదే," అంది అవ్వ. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఎలా?

"రాండి, ఆ మిట్ట అవతల సూసినా. ఇంతే."

ఆ "ఇంతే" ఎంతుందో నేనిప్పుడు చెప్పలేను. దారి విడిచి, బండల మీదుగా, కంపలో పడి లేచి, ఆ మిట్ట ఎక్కి దిగాం. దొరసాని ఇదంతా బాటలో భాగమే అనుకుంటోంది. "మిక్కిలి సులభము," అని ఇప్పుడు అనడం లేదు. అవతల నిజంగానే ఒక ఎర్రావు నిలబడి ఉంది. అవ్వ దాని దగ్గరికి పోయి, మూతి పట్టుకుని పళ్ళు చూసి, కొమ్ములు తడిమి, చాలా బాధగా తలాడించింది.

"మాది కాదప్పా. మాది ఇంకా నెమ్మదస్తురాలు."

వాడు మాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. ఇంకో ఆవును చూపిస్తానని బయల్దేరబోతే నాయన రెండు చేతులూ జోడించి ఆపాడు. ఆస్పత్రి ఎంత దూరమని అడిగితే వాడు, "ఈడే సామీ, ఇంతే," అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి మా బతుకులు తెల్లారాయి. నాయన బూటు అట్ట నోరు తెరిచింది. అమ్మ గంప నేను మోశాను. అవ్వ వక్కాకు కోసం కాదు, ఊపిరి కోసం ఆగుతోంది. దొరసాని మొహం ఎర్రగా కందిపోయింది. ఎడమ మడమ నేల మీద ఆననివ్వకుండా నడుస్తోంది. మేజోటి మీద నెత్తుటి మరక.

"మాస్టరుగారూ, ఇంకెంత దూరము?"

"ఇంతేనండి. ఆ మలుపే."

మలుపు దాటాక అమ్మను అడిగింది. "అయిపోయిందమ్మగారూ," అంది అమ్మ, ఎటు చూడాలో తెలియక. నన్నడిగింది. నేను కూడా "ఇంతే" అన్నాను. పదేళ్ళదాన్ని, అప్పటికే అలవాటైపోయింది. కట్టెలమోపు మోసుకుపోతున్న ఒకామె అడక్కుండానే, "ఈడే తల్లీ" అని దీవించి పోయింది. దొరసాని ప్రతి "ఇంతే"కూ మొహం వెలిగించుకుని నాలుగడుగులు వేస్తోంది, మళ్ళీ వాడిపోతోంది. చివరికి ఒక బండ పక్కన నిలబడి అక్కను పిలిచింది.

"నీవు చెప్పుము. ఎంత దూరము?"

నాయన వెనక నుంచి వేలెత్తి చూపిస్తున్నాడు, ఒక్క మైలు అని.

"రెండు మైళ్ళకు తక్కువుండదమ్మగారూ," అంది అక్క. "ఇప్పటికి ఆరు మైళ్ళు దాటినాం. నేను అడుగులు లెక్కపెడతాండాను. నాకు ఎప్పుడూ అలవాటే. మీ మడమ బొబ్బ చిట్లింది. కూసోండి."

నాయన నుదురు కొట్టుకున్నాడు. దొరసాని ఆ బండ మీద కూలబడింది. అక్క కింద కూర్చుని బూటు విప్పింది, మేజోడు నెమ్మదిగా ఊడదీసింది, దొరసాని తెచ్చుకున్న సీసాలో మిగిలిన నీళ్ళతో కడిగింది. తన ఓణీ అంచు పర్రున చించి, మడమ చుట్టూ, చీలమండ మీదుగా, ఎనిమిది ఆకారంలో కట్టు కట్టింది. ఒక్క మడత లేదు.

"ఈ కట్టు ఎచట నేర్చితివి?"

"ఆస్పత్రి కిటికీలోంచి సూసి."

దొరసాని కట్టును వేలితో తడిమి చూసింది. "నీ కాలు నొప్పిగా ఉన్నదా?" అని అడిగింది.

నాయన మళ్ళీ చేతులు ఊపుతున్నాడు, లేదని చెప్పు, లేదని చెప్పు.

"నొప్పిగానే ఉండాది," అంది అక్క. "ఎప్పుడూ ఉంటాది. పద్నాలుగేండ్లుగా దాంతోనే నడుస్తాండాను."

ఆ రెండు మైళ్ళూ వాళ్ళిద్దరూ పక్కపక్కన నడిచారు. దొరసాని బూటు చేతిలో పట్టుకుని కుడివైపు ఒరిగేది, అక్క ఎడమవైపు ఒరిగేది. భుజాలు తగులుకునేవి, విడిపోయేవి. వెనక మేము నలుగురం బిక్కమొహాలేసుకుని. ఇక ఎవరూ ఎవరినీ దూరం అడగలేదు.

ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. దొరసాని గేటు పట్టుకుని ఊపిరి తీసుకుని, నాయన వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నిజంగానే ఉన్నాయి.

"మాస్టరుగారూ, మీ కుమార్తె మంచి బిడ్డ. ఈమెకు ఆస్పత్రిలో చోటు ఇచ్చెదను. గుడ్డల గదిలో. కట్టు గుడ్డలు చుట్టవచ్చును, దూది తీయవచ్చును. స్టూలు మీద కూర్చుండి చేయు పని. నడువనక్కరలేదు. నర్సు శిక్షణ ఈమెకు మిక్కిలి కష్టము."

నాయన వంగి వంగి నమస్కారాలు పెట్టాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "దేవుడు సల్లగా సూడాల తల్లీ," అంది అవ్వ. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది మైళ్ళు నడిపించి స్టూలు చూపిస్తారా? గడప పక్కన చింతపండు గింజలకూ గుడ్డల గదిలో దూదికీ ఏమిటి తేడా? అరవాలనిపించింది. మా ఇంట్లో వాళ్ళ మీదే ఎక్కువ అరవాలనిపించింది.

అక్క నమస్కారం పెట్టలేదు.

"అమ్మగారూ, సోమారం మీరు వార్డుకు వస్తారా?"

"వచ్చెదను."

"ఆ మడమతోనా? ఆ పొద్దుటికి తగ్గదు. కుంటుతూ వస్తారా?"

"పాపా!" అన్నాడు నాయన.

"రోగులు ఉన్నారు గదా. కుంటుచునైనను రావలెను."

"మీకెవురైనా స్టూలు ఏసినారా?"

దొరసాని చేతిలోని బూటు వైపు చూసుకుంది. ఓణీ అంచు కట్టిన తన మడమ వైపు చూసుకుంది. ఆ తర్వాత అక్క కాలి వైపు చూసింది, మొదటిసారి జాలి లేకుండా చూసింది. గేటు తీసి లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

"సోమవారము ఆరు గంటలకు రమ్ము. శిక్షణకు. ఆలస్యము చేయవద్దు."

"కుంటుతూ రావచ్చునా అమ్మగారూ?"

"నేనును అట్లే వచ్చెదను," అంది దొరసాని.